రీల్ కొనేముందు డ్రాగ్ లాగి చూడండి
చేపల వేటకు స్పిన్నింగ్ రీల్ (గాలపు కర్రకు బిగించి దారం చుట్టే సాధనం) కొనేటప్పుడు బాక్సు మీద రాసిన బేరింగుల సంఖ్య చూసి మోసపోకండి. పది నాసిరకం వాటికన్నా నాలుగు మంచివి నయం. నేనైతే ముందు డ్రాగ్ (చేప గట్టిగా లాగినప్పుడు దారాన్ని కొంత పట్టుతో వదిలే బ్రేకు) చూస్తాను. కాస్త వదులు చేసి దారాన్ని మెల్లగా లాగండి (దారం చుట్టి లేకపోతే స్పూల్‌ను చేత్తో తిప్పినా తెలుస్తుంది). కాసేపు పట్టేసి, ఒక్కసారిగా జర్రున వదిలిందంటే ఆ రీల్ వద్దు. చేప ఉరికినప్పుడు దారం తెగేది ఆ కుదుపుకే. డ్రాగ్‌ను దారం బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా బిగిస్తే చాలు, అంటే 4 కిలోల దారానికి కిలో, కిలోంపావు. అందుకే ‘10 కిలోల డ్రాగ్’ అన్న గొప్పలు రోజువారీ వేటకు అక్కర్లేదు.

బెయిల్ (దారాన్ని స్పూల్ మీదికి మళ్లించే వంపు తీగ) దగ్గరుండే చిన్న లైన్ రోలర్ వేలితో తిప్పితే తిరగాలి. బిగుసుకుపోతే దారం మెలికలు పడుతుంది, అరుగుతుంది. హ్యాండిల్ మరీ లూజుగా ఊగకూడదు. రోజువారీ వేటకు రీల్ సైజు నంబరు 2500 గానీ 3000 గానీ సరిపోతుంది.