శిలీంధ్రాల పొరలో లిపిడ్లు – 5వ పాఠం: ఎర్గోస్టెరాల్ లేని చోట ఏముంది?

గత పాఠం చివర ఒకే ఒక్క ప్రశ్న ఇచ్చాను. కాండిడా ఆల్బికాన్స్ అనే శిలీంధ్రంలో, ఎర్గోస్టెరాల్ (మన కణాల పొరలో కొలెస్టెరాల్ లాగే శిలీంధ్రాల పొరలో ఉండే స్టెరాల్ అనే కొవ్వు) తయారీలో ఒక మెట్టు అయిన ఎర్గ్-3 అనే జన్యువు పూర్తిగా చెడిపోతే ఫ్లూకొనజోల్ అనే శిలీంధ్రాల మందు దాని మీద మరింత బాగా పనిచేస్తుందా, లేక పనిచేయకుండా పోతుందా అన్నది ఆ ప్రశ్న. చాలామంది ఒకే జవాబు రాశారు: ఎర్గోస్టెరాల్ తయారీలో ఒక మెట్టు ముందే విరిగింది, మందు ఇంకో మెట్టును విరగ్గొడుతుంది, కాబట్టి శిలీంధ్రం ఇంకా త్వరగా చస్తుంది. ఈ జవాబు తప్పు. ఎర్గ్-3 పోయిన కాండిడా ఫ్లూకొనజోల్‌కు లొంగదు. నాలుగో పాఠంలో నేను మెట్ల వరుస చెప్పాను గానీ, మెట్టు విరిగిన చోట ఏది పోగవుతుందో చెప్పలేదు. ఆ లోటు తీర్చకుండా ముందుకు పోలేము కనుక, ఈరోజు మొదలుపెట్టాలనుకున్న స్ఫింగోలిపిడ్లు అనే మరో రకం పొర కొవ్వులను చివరి అభ్యాసంలోకి నెడుతున్నాను.

కణకవచానికీ ప్లాస్మా పొరకూ ఉన్న తేడా, ఫాస్ఫోలిపిడ్ల రెండు వరుసలు మీకు తెలిసినవే. ఎకినోకాండిన్ అనే శిలీంధ్రాల మందులు కవచం మీద పనిచేస్తాయి కాబట్టి ఈ పాఠాల్లో వాటి ఊసు ఉండదు.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఎర్గోస్టెరాల్ ఉంటే శిలీంధ్రం బతుకుతుంది, లేకపోతే చస్తుంది అన్న ఆలోచన నర్సింగ్ విద్యార్థుల నోట్సుల్లోనూ ఫార్మసీ గైడ్లలోనూ ఎన్నిసార్లు కనిపించిందో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ ఒక్క వాక్యం పట్టుకున్నవారికి మందు ఎందుకు విఫలమైందో జన్మలో అర్థం కాదు. పొరలో ఖాళీ ఎప్పుడూ ఖాళీగా ఉండదు. ఎర్గోస్టెరాల్ రాని చోట దాని తయారీలో సగంలో ఆగిపోయిన మరో స్టెరాల్ వచ్చి కూర్చుంటుంది. శిలీంధ్రం భవిష్యత్తు ఆ కూర్చున్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

స్టీలు పళ్లేలు ఒకదానిలో ఒకటి ఒదిగేలా పేర్చడం మీ వంటింట్లో రోజూ చూస్తారు. స్టెరాల్ వలయాలకు ఒక వైపు నున్నగా, చదునుగా ఉంటుంది. ఆ వైపే ఫాస్ఫోలిపిడ్ల తోకలు దానికి ఆనుకుని సర్దుకుంటాయి. లానోస్టెరాల్‌కు 14వ కార్బన్ దగ్గర ఒక మిథైల్ గుంపు ఆ చదును వైపుకే పొడుచుకు వచ్చి ఉంటుంది. దాన్ని తొలగించే ఎంజైమ్ ఎర్గ్-11 (జన్యువుకూ, అది తయారుచేయించే ఎంజైమ్‌కూ ఇక్కడ ఒకే పేరు వాడుతున్నాను). ఫ్లూకొనజోల్, ఇట్రాకొనజోల్, వొరికొనజోల్ వంటి ఏజోల్ మందులన్నీ ఈ ఎంజైమ్‌నే ఆపుతాయి. మిథైల్ ఊడని స్టెరాల్ బుడిపె తేలిన పళ్లెం లాంటిది. సర్దుబాటు కొంత చెడుతుంది గానీ దొంతర కూలిపోదు. కాండిడా అంతటితో చావదు.

కూల్చేది తర్వాతి ఘట్టం. బుడిపె ఉన్న ఆ స్టెరాల్ వరుసలో ముందుకు జరిగి ఎర్గ్-3 చేతికి చిక్కుతుంది. మామూలుగా వలయంలో ఒక ద్విబంధం ఏర్పరచడం ఎర్గ్-3 పని. ఎదురుగా ఉన్నది తనకు అలవాటైన అణువు కాకపోవడంతో ఆ పని పూర్తికాక, 6వ కార్బన్ మీద ఒక హైడ్రాక్సిల్ గుంపు మిగిలిపోతుంది. స్టెరాల్‌కు హైడ్రాక్సిల్ ఉండవలసింది 3వ కార్బన్ మీద మాత్రమే, అది పొర అంచున నీటి వైపు చూస్తూ ఉంటుంది. నీటిని కోరుకునే రెండో గుంపు నూనె లాంటి నడిమి భాగంలో ఇరుక్కుంటే ఆ పొర నిలకడగా ఉండలేదు. ఫ్లూకొనజోల్ దెబ్బలో అసలు విషం ఈ రెండు హైడ్రాక్సిళ్ల స్టెరాలే, దాన్ని తయారుచేసేది శిలీంధ్రం సొంత ఎంజైమే. ఎర్గ్-3 లేకపోతే ఆ విషం తయారు కాదు, బుడిపె పళ్లేలతోనే కాండిడా సంసారం నెట్టుకొస్తుంది. పైగా ఆ పొరలో ఎర్గోస్టెరాల్ లేదు కాబట్టి, ఎర్గోస్టెరాల్‌నే పట్టుకునే ఆంఫోటెరిసిన్ బి అనే మరో మందు కూడా దాని మీద బలహీనపడుతుంది. ఈ పేరా రెండుసార్లు చదవండి.

దీన్ని కంటితో చూసే అవకాశం డిస్క్ పరీక్షలో, అంటే మందు అద్దిన చిన్న బిళ్ల చుట్టూ శిలీంధ్రం ఎంత దూరం వరకు ఎదగలేదో కొలిచే పరీక్షలో ఉంది. మ్యూలర్-హింటన్ అగార్ అనే పెంపక మాధ్యమంలో గ్లూకోజ్, మిథిలీన్ బ్లూ కలపడం వల్ల ప్లేటు లేత నీలంగా ఉంటుంది. దాని మీద కాండిడాను పరిచి, 25 మైక్రోగ్రాముల ఫ్లూకొనజోల్ డిస్క్ పెట్టి, ఒక రోజు తర్వాత చూస్తే డిస్క్ చుట్టూ ఎదుగుదల లేని వలయం కనిపిస్తుంది. కానీ వలయం అంచు గీత గీసినట్టు ఉండదు. లోపలి వైపు సన్నటి మసక, అక్కడక్కడ సూదిమొన అంత చుక్కలు ఉండవచ్చు. ఎదుగుదల ఒక్కసారిగా తగ్గిన చోటు నుంచి కొలవాలి తప్ప మసకను లెక్కలోకి తీసుకోకూడదు. నేను ఒక ప్రైవేటు ల్యాబ్‌లో చేరిన కొత్తలో ఆ మసకను చూసి రెసిస్టెంట్ (మందుకు లొంగనిది) అని రాసేశాను. పైనున్న మేడమ్ రిపోర్టు పోకముందే ఆపి, ప్లేటు మళ్లీ వేయించారు. కాండిడా మీద ఫ్లూకొనజోల్ ఎదుగుదలను ఆపే మందే గానీ నేరుగా చంపే మందు కాదని నాకు అర్థమైంది ఆ ప్లేటు ముందే.

అన్ని ఎర్గ్ అంకెలూ బట్టీ పట్టనక్కర్లేదు. నాకు గుర్తుండేవి 1, 11, 3, 6 మాత్రమే, రోజువారీ పనికి అవి చాలు. ఎర్గ్-1 అంటే తామరకు వాడే టెర్బినాఫిన్ మందు పట్టుకునే స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైమ్. వానాకాలం వస్తే మన హైదరాబాద్‌లో చర్మవ్యాధుల ఓపీల్లో కనిపించే మొండి తామరకు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే శిలీంధ్రం కారణమైనప్పుడు, ఈ ఎంజైమ్‌లో 397వ స్థానంలో ఫినైల్‌అలనిన్ బదులు ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఉండటం తరచుగా చూస్తాం. అక్కడ పొర మారలేదు, మందు కూర్చునే పీట మారింది. ఎర్గ్-6 సంగతి వేరు: అది పనిచేయని కాండిడా ఆరిస్ అనే మరో కాండిడాలో ఎర్గోస్టెరాల్ స్థానంలో వేరే స్టెరాళ్లు చేరి, ఆంఫోటెరిసిన్‌కు పట్టు దొరకదు.

ఆంఫోటెరిసిన్ అనగానే 2021 వేసవి గుర్తుకొస్తుంది. బ్లాక్ ఫంగస్ రోగులతో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయి, లైపోసోమల్ ఇంజెక్షన్ కోసం కుటుంబాలు ఊరంతా తిరిగిన రోజులవి. బ్లాక్ ఫంగస్‌కు ముఖ్య కారణమైన రైజోపస్ అనే శిలీంధ్రంలో ఎర్గ్-11 లాంటి ఎంజైమ్ పుట్టుకతోనే వేరుగా ఉండటం వల్ల ఫ్లూకొనజోల్, వొరికొనజోల్ దానికి పనికిరావు. ఎర్గోస్టెరాల్ మాత్రం దాని పొరలో ఉంది, అందుకే ఆంఫోటెరిసిన్ అంత అవసరమైంది. ఆ మందు పొరకు చిల్లులు పెడుతుందని చాలాకాలం చెప్పుకున్నాం. 2014లో వెలువడిన పరిశోధన ప్రకారం అది ముఖ్యంగా పొర వెలుపల గుంపుగా చేరి, స్పాంజి నీటిని పీల్చినట్టు ఎర్గోస్టెరాల్‌ను బయటికి లాగేస్తుంది. ఇంజెక్షన్‌లోని లైపోసోమ్ గోళాల్లో కొలెస్టెరాల్ ఉంటుంది; అయినా మందు దాన్ని విడిచి శిలీంధ్రం వైపు వెళుతుంది, ఎందుకంటే దానికి ఎర్గోస్టెరాల్ మీదే మక్కువ ఎక్కువ. నర్సింగ్ వారు తప్పకుండా గుర్తుంచుకోవాల్సిన మాట ఒకటుంది: దీన్ని 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి, సెలైన్ తగిలితే అవక్షేపం ఏర్పడుతుంది.

ఊపిరితిత్తుల్లో న్యుమోనియా తెచ్చే న్యుమోసిస్టిస్ అనే శిలీంధ్రం తన పొరకు ఎర్గోస్టెరాల్ బదులు మన ఊపిరితిత్తుల నుంచి కొలెస్టెరాల్‌ను తీసుకుంటుంది. అందుకే దానికి ఆంఫోటెరిసిన్, ఏజోళ్ల బదులు కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ ఇస్తారు.

కంటి విషయం ఇంకా సున్నితమైనది. పొలంలో వరి ఆకు కంట్లో గుచ్చుకుని పుండు పడిన రైతుకు, సూక్ష్మదర్శినిలో దారాల్లాంటి పోగులు కనిపిస్తే ఎర్గోస్టెరాల్‌ను పట్టుకునే నాటామైసిన్ చుక్కలు మొదలుపెడతారు. ఫ్యుసేరియం అనే శిలీంధ్రం అయితే అది సరైన దారే. కానీ అచ్చం అలాగే కనిపించే పిథియం నిజానికి శిలీంధ్రం కాదు, ఊమైసీట్ అనే వేరే జాతి సూక్ష్మజీవి. అది ఎర్గోస్టెరాల్ తయారుచేసుకోదు కాబట్టి నాటామైసిన్‌కు పట్టుకోవడానికి ఏమీ దొరకదు, ఈలోగా చూపు కరిగిపోతుంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ ఐ ఇన్‌స్టిట్యూట్ వైద్యులు ఈ వ్యాధికి లినెజోలిడ్, అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు వాడి ఫలితాలు ప్రచురించారు. పోగుల్లో అడ్డుగోడలు చాలా అరుదుగా ఉంటే ఒక్క క్షణం ఆగి పిథియం గురించి ఆలోచించండి.

అభ్యాసం ఈసారి కష్టంగానే ఉంటుంది. పాత క్యాలెండర్ వెనుక నాలుగు పొరలు చేత్తో గీయండి. కంప్యూటర్‌లో గీస్తే స్టెరాల్ ఏ వైపు తిరిగి ఉందో మనసుకు ఎక్కదని నా అనుభవం. మొదటిది ఫ్లూకొనజోల్ తగిలిన మామూలు కాండిడా, రెండోది ఎర్గ్-3 పోయిన కాండిడా, మూడోది న్యుమోసిస్టిస్, నాలుగోది ఎర్గ్-6 పోయిన కాండిడా ఆరిస్. ప్రతి బొమ్మలో ఎర్గోస్టెరాల్ ఉండవలసిన చోట నిజంగా ఏముందో పేరు రాసి, ఆంఫోటెరిసిన్ పట్టు ఎలా ఉంటుందో రెండు వాక్యాల్లో వివరించండి. ఆ తర్వాత ఈ ప్రశ్న. క్రిప్టోకాకస్ నియోఫార్మాన్స్ అనే శిలీంధ్రంలో గ్లూకోసిల్‌సెరమైడ్ అనే స్ఫింగోలిపిడ్ తయారుకాకుండా చేస్తే, తటస్థ పీహెచ్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న చోట అది విభజన చెందలేదు, ఆమ్ల పీహెచ్‌లో మాత్రం ఎదుగుతుంది. అలాంటి క్రిప్టోకాకస్ ఊపిరితిత్తుల్లోకి చేరితే దాన్ని మింగే మాక్రోఫేజ్ అనే రక్షణ కణం లోపల (అక్కడ ఆమ్ల పీహెచ్ ఉంటుంది) ఏమవుతుంది, వెలుపల గాలి గదిలో ఏమవుతుంది? రోగి రోగనిరోధక శక్తి తగ్గి మాక్రోఫేజ్‌లే సరిగా లేకపోతే మీ జవాబు మారుతుందా? కారణంతో సహా రాసి పంపండి. ఆరో పాఠం మీ జవాబుల నుంచే మొదలవుతుంది.