సబ్‌మెరైన్ ఇంజిన్ రూమ్ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాలంటే

చెన్నైలో మెరైన్ ఇంజినీరింగ్ చదువుతున్న మన పిల్లలు కాలేజీ సెమినార్ కోసమో, టీ నగర్ వైపు జరిగే తెలుగు సభల కోసమో ఏదైనా టాపిక్ చెప్పమని అడుగుతుంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సబ్‌మెరైన్లు అని చెప్తే వెంటనే పెరిస్కోప్, టార్పెడో, కెప్టెన్‌కి వచ్చిన పతకం, ఇదే వరసలో తయారై వచ్చేస్తారు. ఆ కథ చాలామంది చెప్పారు. మీరు ఇంజిన్ రూమ్ నుంచి చెప్పండి. అక్కడున్నవాళ్లకి బయట ఏం జరుగుతోందో కనపడదు, గంట మోగితే చేతులు కదలాలి, అంతే. ఇరవై నిమిషాలకి ఈ ఒక్క గది చాలు.

ముందు ఒకే రకం పడవ పట్టుకోండి. నా సలహా టీ క్లాస్, అంటే ఆ యుద్ధంలో వాడిన ఒక రకం బ్రిటిష్ సబ్‌మెరైన్. పొడవు దాదాపు 84 మీటర్లు, మనుషులు అరవై మంది వరకూ, రెండు డీజిళ్లు కలిపి 2,500 హార్స్‌పవర్, నీళ్ల కింద నడవడానికి 1,450 హార్స్‌పవర్ మోటార్లు. టీ క్లాస్ ఎందుకంటే ఇవి సిలోన్ (ఇప్పటి శ్రీలంక) లోని ట్రింకోమలీ నుంచి కూడా పనిచేశాయి. మనం మెరీనాలో నిలబడి చూసే ఈ బంగాళాఖాతం దాటే పెనాంగ్ వైపు, మలక్కా జలసంధి వైపు వెళ్లేవి. టాలీ హో అనే పడవ 1944 జనవరి 11న పెనాంగ్ దగ్గర కుమా అనే జపాన్ క్రూయిజర్‌ని ముంచింది. మర్నెలలో ఒక జపాన్ టార్పెడో బోటు ప్రొపెల్లర్ టాలీ హో ఎడమవైపు బ్యాలస్ట్ ట్యాంకుల్ని, అంటే మునగడానికి నీళ్లు, తేలడానికి గాలి నింపే ట్యాంకుల్ని చీల్చేసింది. ఒక పక్కకి ఒరిగిన పడవతోనే వాళ్లు సిలోన్ తిరిగొచ్చారు. కుమా గురించి ఒక్క వాక్యం చెప్పి వదిలేయండి, ఆ ఒరిగిన ఇంజిన్ రూమ్‌లో కాళ్లు నిలదొక్కుకుని డ్యూటీ చేసినవాళ్ల దగ్గర మాత్రం కాసేపు ఆగండి.

తర్వాత బోర్డు మీద ఒక్క గీత గీయండి. డీజిల్, దాని వెనక ఇంజిన్ క్లచ్, ఆ వెనక మోటార్, ఇంకో క్లచ్, చివర ప్రొపెల్లర్. పక్కన ఇంకో షాఫ్ట్, అదీ ఇలాంటిదే. పైన తేలుతున్నప్పుడు డీజిలే షాఫ్ట్ తిప్పుతుంది. వెనక క్లచ్ విడదీస్తే అదే డీజిల్ మోటార్‌ని జనరేటర్‌లా తిప్పి బ్యాటరీ నింపుతుంది. మునిగాక ఇంజిన్ క్లచ్ విడదీసి, బ్యాటరీ కరెంటుతో మోటార్ నడుపుతారు. ఈ బొమ్మ అర్థం కాకపోతే తర్వాత మీరు చెప్పేదేదీ ఎక్కదు, కాబట్టి ఇక్కడ తొందరపడకండి, అవసరమైతే రెండుసార్లు చెప్పండి.

ఇప్పుడు మనుషులు. ఇంజిన్ రూమ్ ఆర్టిఫిసర్లు, పొట్టిగా ఈఆర్‌ఏలు. ఫిట్టర్, టర్నర్ లాంటి పనుల్లో చేయి తిరిగినవాళ్లు, పెద్ద రిపేర్లన్నీ వీళ్లవే. స్టోకర్లు ఇంజిన్లకి ఆయిల్ పెట్టడం, గేజ్‌లు చూడటం, పంపులు నడపడం, తుడవడం, ఏ పని పడితే ఆ పని. ఈఆర్‌ఏల్లో ఒకాయన్ని అవుట్‌సైడ్ ఈఆర్‌ఏ అనేవాళ్లు. ఆయన చోటు ఇంజిన్ రూమ్ కాదు, కంట్రోల్ రూమ్‌లో ట్యాంకుల్లోకి గాలి వదిలే ప్యానెల్ దగ్గర. మోటార్ల స్విచ్‌బోర్డు మాత్రం టార్పెడో శాఖ నుంచి వచ్చిన ఎలక్ట్రికల్ వాళ్ల చేతిలో ఉండేది. ఈ తేడా తప్పకుండా చెప్పండి, చాలామంది అందర్నీ కలిపి ఇంజినీర్లు అనేస్తారు.

మీ ప్రసంగానికి గుండెకాయ క్లాక్సన్, అంటే హెచ్చరిక హారన్. అది రెండుసార్లు మోగితే మునగాలి. అంతవరకూ ఆ గదిలో మాట వినపడనంత మోత, రెండు ఇంజిన్ల మధ్య దారి చూస్తే రద్దీ వేళ ఎంటీసీ బస్సులో సీట్ల మధ్య సందంత కూడా ఉండదు. మోగగానే ఇంధనం ఆపాలి, పొగ బయటికెళ్లే వాల్వులు బిగించాలి, గాలి లోపలికొచ్చే వాల్వు మూయాలి, క్లచ్ విడదీయాలి, అదే సమయంలో వెనక మోటార్ల వాళ్లు స్విచ్‌లు వేయాలి. ఏ వాల్వు మూయకపోయినా సముద్రం లోపలికొస్తుంది. పైన హాచ్, అంటే బయటికెళ్లే తలుపు, మూశాక కూడా డీజిల్ తిరుగుతూనే ఉంటే పడవలో ఉన్న గాలినే లాగేస్తుంది, చెవులు పట్టేస్తాయి. ఈ వరస చెప్పేటప్పుడు స్టేజీ మీద ఒక కుర్రాణ్ణి నిలబెట్టి, ఒక్కో వాల్వుకీ చేయి కదిలించమనండి. చివరికి మోత ఆగిపోతుంది. అప్పుడు మీరూ కొద్దిసేపు మాట్లాడకండి.

రోజు ఎలా గడిచేదో కూడా చెప్పాలి. గస్తీలో పగలంతా నీళ్ల కింద, రాత్రి పైకి. అందుకని ఇంజిన్ రూమ్‌కి అసలు పని మొదలయ్యేది చీకటి పడ్డాకే. బ్యాటరీలు నింపాలి, ట్యాంకులు ఖాళీ చేయడానికి వాడేసిన హైప్రెషర్ గాలిని కంప్రెసర్లతో మళ్లీ నింపాలి, ఏదైనా పాడైతే తెల్లారేలోపు బాగుచేయాలి. సిలిండర్ హెడ్ విప్పి కూర్చున్నప్పుడు పైనుంచి క్లాక్సన్ మోగితే ఎంత టెన్షనో, రెంచి పట్టిన ఎవరికైనా తెలుస్తుంది. సిగరెట్టు, వేడి వంట కూడా చాలామటుకు రాత్రికే. మంచినీళ్లు కొలిచి వాడాలి, అంచేత స్నానం మాట మర్చిపోవాలి. డీజిల్ వాసన బట్టలకీ రొట్టెకీ కూడా పట్టేది. బ్యాటరీ చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, బ్యాటరీలోకి ఉప్పునీళ్లు దిగితే క్లోరిన్ పుడుతుంది. రెండూ ప్రమాదమే.

చేత్తో పట్టుకునేది ఒకటి ఉండాలి. పాత బండి సామాన్లు దొరికే పుదుపేటకి వెళ్లి పాత డీజిల్ ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి ఇంధనం చిమ్మే భాగం) ఒకటి కొనండి, సభలో అందరి చేతుల్లోకీ వెళ్లనివ్వండి. దాని మూతి దగ్గర సన్నటి రంధ్రాలు చూపించి, అక్కడ మసి పేరుకుంటే ఇంధనం సరిగా కాలక పొగ నల్లబడుతుందనీ, వెన్నెల రాత్రి ఆ పొగే శత్రువుకి ఆనవాలనీ చెప్పండి. అందుకే ఒక స్టోకర్ దాన్ని అంత శ్రద్ధగా శుభ్రం చేసేది.

వీలైతే ప్రసంగానికి ముందు విశాఖ వెళ్లిరండి. సెంట్రల్‌లో హౌరా మెయిల్ ఎక్కితే పొద్దున్నకి దిగొచ్చు. ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కుర్సురా ఉంది, 1969లో నౌకాదళంలో చేరి 2001లో రిటైరైంది. సోమవారం మూసి ఉంటుంది, చూసుకోండి. అది సోవియట్ పడవ, తర్వాతి తరానిది. మూడు డీజిళ్లు, మూడు షాఫ్టులు, నీళ్ల కింద నుంచే గాలి పీల్చే స్నార్కెల్. యుద్ధంలో మన టీ క్లాస్ వాళ్లకి ఆ గొట్టం లేదు. ఫోటోలు చూపిస్తే ఈ తేడా చెప్పే చూపించండి. అయినా డీజిళ్ల మధ్య నడిచి, వాల్వు చక్రాల ఎత్తు మీ భుజంతో కొలుచుకుని వస్తే మీ మాట తీరే మారుతుంది. బ్రిటిష్ పడవే చూడాలనుకునేవాళ్లకి ఇంగ్లండ్‌లోని గోస్‌పోర్ట్‌లో అలయన్స్ ఉంది, 1945లో నీళ్లలోకి దింపినది.

ఇద్దరి పేర్లు మాత్రం వదలకండి. ఒకరు లీడింగ్ స్టోకర్ జాన్ కేప్స్. 1941 డిసెంబర్ 6న గ్రీస్‌లోని కెఫలోనియా ద్వీపం దగ్గర పెర్సియస్ అనే బ్రిటిష్ సబ్‌మెరైన్ సముద్రంలోని మందుపాతరకి తగిలి మునిగింది. ఆయన పడవ వెనక భాగంలో ఉన్నాడు. గాయపడ్డ స్టోకర్లకి ఆక్సిజన్ సంచులు తగిలించి, గదిలోకి నీళ్లు నింపి, హాచ్ తెరిచి, సుమారు 50 మీటర్ల లోతు నుంచి పైకొచ్చాడు. బతికింది ఆయనొక్కడే. ద్వీపంలోని జనం ఏడాదిన్నర దాచారు. ఆయన చెప్పింది చాలామంది నమ్మలేదు, 1997లో డైవర్లు దిగి చూస్తే హాచ్ తెరిచే ఉంది.

ఇంకొకరు ఈఆర్‌ఏ ఎడ్మండ్ గొడార్డ్. 1943 సెప్టెంబర్ 22న నార్వేలో టిర్పిట్జ్ అనే జర్మన్ యుద్ధనౌక కింద బాంబులు పెట్టిన ఎక్స్6 అనే బుల్లి సబ్‌మెరైన్‌లో నలుగురే మనుషులు, అందులో ఒకరు ఈయన. దాని డీజిల్ 42 హార్స్‌పవర్ గార్డ్‌నర్, లండన్ బస్సుల్లో వాడిన రకమే.

ప్రశ్నలకి సమయం ఉంచండి. మొదటి ప్రశ్న దాదాపుగా ఎప్పుడూ "భయం వేయదా?" అనే వస్తుంది. భయం గురించి మీరు ఊహించి చెప్పొద్దు. బ్రిటన్ ఆ యుద్ధంలో 70కి పైగా సబ్‌మెరైన్లు పోగొట్టుకుందని చెప్పండి, తర్వాత బోర్డు దగ్గరికెళ్లి ఇంజిన్ రూమ్ నుంచి దగ్గర్లోని ఎస్కేప్ హాచ్ దాకా దారి గీసి చూపించండి.