వేదిక మీద ఎయిర్ మార్షల్‌ను పరిచయం చేయడం ఎలా

మా కాలనీ దగ్గర ఒక పాఠశాల వార్షికోత్సవానికి రిటైరైన ఎయిర్ మార్షల్ ఒకరు ముఖ్య అతిథిగా వచ్చారు. పరిచయం చదివిన కుర్రాడు ఆయన పేరు వెనక పతకాలను సూచించే అక్షరాలు చూసి, "వీరు పీవీఎస్‌ఎం, ఏవీఎస్‌ఎం పట్టాలు పొందారు" అన్నాడు. ఆయన మైకు అందుకుని, "ఆ పరీక్షలు ఎక్కడ పెడతారో నాకూ చెప్పు బాబూ" అన్నారు. సభంతా నవ్వింది. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. వాడి తప్పేముంది, కాగితం చేతికిచ్చిన పెద్దలను అనాలి. వైమానిక దళంలో గుమాస్తాగా 20 ఏళ్లు ఇలాంటి కాగితాలే టైపు చేసినవాణ్ని కనుక, ఎలా రాయాలో చెబుతాను.

మొదట హోదాను, పదవిని విడదీయండి. ఎయిర్ మార్షల్ అనేది హోదా. ఆయన ఏ కుర్చీలో కూర్చున్నారన్నది పదవి. వింగ్ కమాండర్ దాకా సర్వీసు నిండి, పెట్టిన పరీక్షలు గట్టెక్కితే హోదా దానంతట అదే వస్తుంది. అక్కడి నుంచి పైకి వెళ్లాలంటే సాధారణంగా బోర్డు ఎంపిక చేయాలి. మెట్టు మెట్టుకీ మనుషులు తగ్గిపోతారు. గ్రూప్ కెప్టెన్, ఎయిర్ కమడోర్, ఎయిర్ వైస్ మార్షల్, ఎయిర్ మార్షల్: ఇదీ వరస. దయచేసి వీటిని తెలుగు చేయకండి. ఎయిర్ వైస్ మార్షల్‌ను ఉప మార్షల్ అన్నవారినీ చూశాను, ఎయిర్ కమడోర్‌ను నౌకాదళ కమడోర్ అనుకుని ఓడల మీదికి పంపినవారినీ చూశాను.

రిటైర్డ్ అన్న మాట పేరు తరవాత రావాలి, హోదా ముందు కాదు. రిటైరయ్యేది మనిషే గానీ హోదా కాదని మావాళ్ల పట్టింపు.

పతకాల సంగతి. పీవీఎస్‌ఎం అంటే పరమ విశిష్ట సేవా పతకం, ఏవీఎస్‌ఎం అతి విశిష్ట, వీఎస్‌ఎం విశిష్ట. పొడి అక్షరాలు చదవకుండా పూర్తి పేరు చదివితే చాలు. వాయుసేన పతకం దగ్గర మాత్రం ఆగండి. దాన్ని సాహసానికీ ఇస్తారు, కర్తవ్యనిష్ఠకూ ఇస్తారు. ఏదో ఆయననే అడిగి రాయండి.

తమిళనాడులోని వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ, ఢిల్లీ నేషనల్ డిఫెన్స్ కాలేజీ వంటి చదువులకు ఒక్క వాక్యం చాలు. ఏ విమానాలు నడిపారు, ఏ స్క్వాడ్రన్‌కు, అంటే ఏ విమానాల దళానికి, నాయకత్వం వహించారు అన్నదానికి చోటు మిగల్చండి. "నంబర్ 4 స్క్వాడ్రన్" అని ఉంటే అది ఒకే స్క్వాడ్రన్, నాలుగు కాదు.

నమూనాకు మన హైదరాబాదు మనిషినే తీసుకుందాం. వైమానిక దళాధిపతిగా చేసిన ఇద్రీస్ హసన్ లతీఫ్ గారి జీవితం పెద్దది. అందులో పదవులన్నీ ఏకరువు పెడితే పిల్లలు ఆవులిస్తారు. నేనైతే ఇలా రాస్తాను:

"1923లో హైదరాబాదులో పుట్టారు. నిజాం కాలేజీలో చదివి, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వైమానిక దళంలో చేరి, బర్మా రంగంలో పోరాడారు. దేశ విభజనప్పుడు పాకిస్తాన్ వైపు వెళుతున్న మిత్రులు రమ్మన్నా, భారత వైమానిక దళంలోనే ఉండిపోయారు. 1950 జనవరి 26న తొలి గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ మీద విమానాల విన్యాసానికి నాయకత్వం వహించారు. 1971 యుద్ధ సమయంలో ప్రణాళికల బాధ్యత చూశారు. 1978 నుంచి 1981 దాకా వైమానిక దళాధిపతిగా ఉన్నారు. జాగ్వార్ విమానాలు మన దళంలోకి వచ్చింది ఆ కాలంలోనే. తరవాత మహారాష్ట్ర గవర్నరుగా, ఫ్రాన్స్‌లో రాయబారిగా పనిచేశారు."

ఎనిమిది వాక్యాలు. "రమ్మన్నా ఉండిపోయారు" అన్న చోట సభ తల ఎత్తుతుంది. అలాంటి మలుపు మీ అతిథి కాగితంలోనూ ఎక్కడో ఉంటుంది, కానీ బయోడేటాలో అది తేదీల మధ్య నలిగిపోయి ఉంటుంది. దాన్ని రాబట్టాలంటే సభకు అరగంట ముందు టీ ఇచ్చి, "సార్, మీకు బాగా ఇష్టమైన స్క్వాడ్రన్ ఏది?" అని అడగండి. హోదాల గురించి అడిగితే రెండు మాటల్లో తేల్చేసేవారు, దీనికి మాత్రం కప్పు పక్కన పెట్టి చేతులతో విమానాన్ని తిప్పి చూపిస్తారు. పెన్ను సిద్ధంగా ఉంచుకోండి. కాగితం ఆయనకు ఒకసారి చూపించి, పేరు ఎలా పలకాలో అక్కడే కనుక్కోండి.