ఇంజిన్ మీది క్రోమ్ తొడుగులు విప్పే పని

క్రూజర్ మోటార్‌సైకిల్ ఇంజిన్ మీద మెరిసేదంతా ఇంజిన్ కాదు. సిలిండర్ హెడ్డు పక్కన, క్లచ్ వైపు, ముందు స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్ల చక్రం) దగ్గర కనిపించే తళతళల్లో చాలావరకు పైతొడుగులే. వెనకున్న గరుకు అల్యూమినియం, వైర్లు, బ్రాకెట్లు కంటపడకుండా కప్పడమే వాటి ఉద్యోగం. వాటిని విప్పే అవసరం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. స్పార్క్ ప్లగ్గు చేతికందదు, లేదా ఆయిల్ చెమ్మ కనిపిస్తుంది గానీ ఎక్కణ్ణించి కారుతోందో తెలీదు. కొన్నిసార్లు వెనక చేరిన బురద అల్యూమినియాన్ని తినేస్తుంటుంది. ఇవేవీ లేకపోయినా, నాలాగా కొందరికి నల్లగా ఉన్న ఇంజినే ముద్దొస్తుంది.

కారణం ఏదైనా, పానా పట్టుకునే ముందు ఒకటి తేల్చుకోండి: మీ ముందున్నది ఉత్త తొడుగా, ఇంజిన్‌లో భాగమా? రెండింటికీ క్రోమ్ ఒకటే కాబట్టి మెరుపును బట్టి చెప్పలేం. నేనైతే మొదట అంచు చూస్తాను. కవరుకీ ఇంజిన్‌కీ మధ్య సన్నటి గాస్కెట్ (సందు మూసే పల్చటి పొర) గీత కనిపిస్తే అది ఆయిల్‌ని ఆపుతున్న కవరు. ఆయిల్ పోసే మూత, ఆయిల్ మట్టం చూసే అద్దం, క్లచ్ కేబుల్, వైర్ల కట్ట, వీటిలో ఏదైనా దానికే బిగించి ఉన్నా, దాన్లోంచి బయటికొస్తున్నా అదీ అలంకారం కాదు. అంచు కింద గోరు దూరేంత సందు ఉండి, టార్చి వేస్తే వెనకాల ఖాళీ కనిపిస్తే అది తొడుగే.

తర్వాత వేలితో తట్టి చూడండి. ప్లాస్టిక్ డొల్లగా మోగుతుంది, పల్చటి రేకు ఖంగుమంటుంది, పోత పోసిన అల్యూమినియం మొద్దుగా పలుకుతుంది. అయస్కాంతం గట్టిగా పట్టుకుంటే ఇనుప రేకు. కొంచెం లాగినట్టు మాత్రమే అనిపిస్తే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. క్రోమ్ కింద నికెల్ పూత ఉంటుంది, అయస్కాంతానికి అదీ స్పందిస్తుంది. ఇంత విచారణ ఎందుకంటే ప్లాస్టిక్ అయితే వేడి, పెట్రోలు, థిన్నరు దాని దగ్గరికి రాకూడదు. ఇనుము, అల్యూమినియాలతో అంత భయం లేదు.

తీరా చూస్తే అది అసలు కవరే అనుకోండి, అది వేరే పని. ఆయిల్ దించాలి, కొత్త గాస్కెట్ తెచ్చి పెట్టుకోవాలి, కవరుని సరైన చోట కూర్చోబెట్టే డోవెల్ పిన్నులు జారి పడకుండా చూసుకోవాలి. మాగ్నెట్ (బండికి కరెంటు పుట్టించే భాగం) వైపు కవరైతే లోపలి అయస్కాంతాలు దాన్ని వెనక్కి లాక్కుంటాయి, వేళ్లు నలుగుతాయి. రంగు మార్చాలన్న ముచ్చట కోసం అంత దూరం పోనక్కర్లేదు. ఇంజిన్ మీదుండగానే చుట్టూ కప్పి రంగు వేసుకోవచ్చు. ముందు స్ప్రాకెట్ కవరు సంగతి ఇంకో రకం. దాని వెనక ఆయిల్ ఉండదు కాబట్టి తొడుగులాగే కనిపిస్తుంది. కానీ తిరిగే చైన్‌కీ మీ కాలికీ మధ్య అడ్డం అదే. శుభ్రం చేయడానికి విప్పండి, అది లేకుండా మాత్రం బండి నడపకండి.

ఇక తొడుగు పని. ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వండి. హెడ్డు పక్క తొడుగుల వెనక హారను, కాయిల్ లాంటివి దాక్కుని ఉంటాయి, అలాంటి చోట బ్యాటరీ నెగెటివ్ ముందే తీసేస్తే నయం. తర్వాత బోల్టులు వెతకండి. వెతకండి అని ఊరికే అనలేదు. చాలా తొడుగుల్లో అలెన్ బోల్టు గుంటలో క్రోమ్ పూసిన చిన్న ప్లాస్టిక్ బిళ్ల నొక్కి ఉంటుంది. అది తెలియక ‘దీనికి బోల్టే లేదు’ అనుకుని కవరు పట్టి లాగేవాళ్లున్నారు. కొన వంచిన సన్నటి సూదితో బిళ్ల లేపితే లోపల బోల్టు దొరుకుతుంది.

ఒక అట్టముక్క మీద కవరు ఆకారం గీసి, ఏ చోటి బోల్టు ఆ చోట గుచ్చండి. ఒకే కవరుకి రెండు మూడు పొడవుల బోల్టులుండటం మామూలే. కలిసిపోయాయంటే బిగించేటప్పుడు పొట్టిది పట్టదు, పొడుగుది అడుగు తన్నుతుంది.

అలెన్ కీ సైజు అంచనాకి: 5 మి.మీ. బోల్టుకి 4 కీ, 6 మి.మీ. బోల్టుకి 5 కీ, 8 మి.మీ. బోల్టుకి 6 కీ. కీ పెట్టేముందు గుంటలో పేరుకున్న మట్టి గీకేయండి. బోల్టు తల పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే, సగం మట్టి నిండిన గుంటలో కీ సగమే దిగి తిప్పగానే అంచులు కొరికేస్తుంది. జపాన్ బండ్ల పాత మోడళ్లలో ప్లస్ స్క్రూలుంటాయి. వాటి తల మీద చిన్న చుక్క ఉంటే అవి జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) రకం. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవరు వాటిలో సరిగ్గా కూర్చోదు, జారిపోతుంది. జేఐఎస్ డ్రైవరు ఒకటి కొని పెట్టుకుంటే ఎన్ని తలలు దక్కుతాయో!

అల్యూమినియంలో ఇనుప బోల్టు ఏళ్ల తరబడి తడిలో ఉంటే రెండు లోహాలూ ఒకదాన్నొకటి తుప్పుతో పట్టేస్తాయి. కదలకపోతే బలం పెంచకండి. తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయండి. మర్నాడు బోల్టు తల మీద సుత్తితో నాలుగు పొట్టి దెబ్బలు వేసి, విప్పే ముందు రవ్వంత బిగించే వైపు తిప్పి చూడండి. ఆ చిన్న కదలికకే తుప్పు చిట్లుతుంది. మెటల్ కవరైతే హీట్ గన్ పనికొస్తుంది. అల్యూమినియం ఇనుము కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. ఆయిల్ తుడిచేసి, పెట్రోలు పైపులకి దూరంగా మాత్రమే వేడి పెట్టండి. ప్లస్ స్క్రూలకి సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవరుకి మించింది లేదు.

అయినా తల స్లిప్ అయిందా, కంగారు పడకండి. కొంచెం పెద్ద టార్క్స్ (ఆరు కొనల నక్షత్రం ఆకారపు) బిట్టు సుత్తితో దిగ్గొట్టి తిప్పి చూడండి. అదీ కాకపోతే డ్రిల్లుతో తల మాత్రం తీసేయండి. 6 మి.మీ. బోల్టుకి అదే సైజు లేదా అర మిల్లీమీటరు పెద్ద బిట్టు చాలు. తల ఊడిపోగానే కవరు వచ్చేస్తుంది, బోల్టు మొండెం బయటికి పొడుచుకుని మిగులుతుంది. అంతదాకా మొండికేసింది కాస్తా, బిగింపు పోయేసరికి చాలాసార్లు లాకింగ్ ప్లయర్‌కి మెత్తగా తిరిగి వచ్చేస్తుంది. తల పోయిందంటే అంతా పోయిందని దిగాలు పడేవాళ్లకి ఈ మాట ముందే చెప్పాలి.

బోల్టులన్నీ వచ్చాక కూడా తొడుగు రాకపోతే వెనక పుల్లలు రబ్బరు బుష్షుల్లో నొక్కి ఉన్నాయన్న మాట. ఒక మూల పట్టి వంచకండి, పుల్ల విరుగుతుంది. పుల్ల ఎక్కడుందో తడిమి, సరిగ్గా అక్కడే రెండు చేతులతో తిన్నగా బయటికి లాగండి. రబ్బరు గట్టిపడి ఉంటే సబ్బునీళ్లో సిలికాన్ స్ప్రేయో వాడండి, పెట్రోలు తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. స్క్రూడ్రైవరుతో ఎగదన్నే అలవాటు మానుకోండి. ప్లాస్టిక్ తొడుగుకి, కార్ల డోర్ ప్యానెళ్లు విప్పడానికి వాడే నైలాన్ బద్ద వాడితే క్రోమ్ పగలదు. డబుల్ టేపుతో అంటించిన బ్యాడ్జీలైతే హెయిర్ డ్రయ్యరుతో కాస్త వెచ్చబెట్టి, చేపల గాలపు దారంతో రంపంలా లాగితే ఊడొస్తాయి.

ఊడిన తొడుగుని మెత్తటి గుడ్డ మీద బోర్లించండి. అలంకారపు క్రోమ్ మందం సాధారణంగా ఒక మైక్రాన్‌కి (మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపే, కాపు కాసేది కింది నికెల్. కాబట్టి గరుకు పీచు వద్దు. ఇనుప రేకు మీది తుప్పు చుక్కలకి అల్యూమినియం ఫాయిల్ ఉండ చుట్టి నీళ్లలో ముంచి మెల్లగా రుద్దితే చాలు. పొర లేచి రేకులుగా వస్తుంటే మాత్రం రుద్దుడుతో లాభం లేదు.

తిరిగి బిగించేటప్పుడు బోల్టు మరలు తుడిచి, కాస్త యాంటీ సీజ్ (బోల్టు తుప్పుతో పట్టేయకుండా ఆపే ముద్ద) పూయండి, అదురుకి వదులయ్యే చోటైతే నీలం థ్రెడ్ లాకర్ అనే జిగురు వేయండి. రెండూ ఒకేచోట వద్దు. టార్క్, అంటే బిగించే బలం, మాన్యువల్‌లో ఉన్నంతే. అల్యూమినియంలోకి దిగే 6 మి.మీ. బోల్టుకి అది తరచు 10 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. యాంటీ సీజ్ పూస్తే ఇంకా తగ్గించండి. రబ్బరు బుష్షున్న ప్లాస్టిక్ తొడుగుకి లోపలి ఇనుప గొట్టం ఆనేదాకా చాలు.

తొడుగు శాశ్వతంగా తీసేస్తున్నవాళ్లకి ఒక హెచ్చరిక. కొన్ని బోల్టులు తొడుగుతో పాటు దాని కిందున్న అసలు కవరునీ పట్టి ఉంచుతాయి. తొడుగు మందం పోయింది కాబట్టి అదే బోల్టు ఇప్పుడు ఆ మేరకు ఎక్కువ లోపలికి దిగుతుంది. రంధ్రం అడుగు మూసి ఉంటే బోల్టు కొన అడుగుని తన్నుతుంది. బిగిసినట్టే అనిపిస్తుంది గానీ కవరు వదులుగానే ఉంటుంది, ఇంకో తిప్పు తిప్పితే పోత పగులుతుంది. తొడుగు మందం కొలిచి అంత పొట్టి బోల్టు తెచ్చుకోండి, లేదా అంతే మందం ఉన్న స్టీలు వాషర్లు వేయండి. తొడుగుకి కట్టి ఉన్న వైర్లు ఇప్పుడు గాల్లో వేలాడుతుంటాయి, వాటిని సైలెన్సరు పైపుకి తగలకుండా ఫ్రేముకి కట్టేయండి. ఒకసారి బండి బాగా వేడెక్కేదాకా నడిపి, చల్లారాక ప్రతి బోల్టునీ మళ్లీ ఓసారి కీ పెట్టి చూడండి.