బీఈఈ ఎనర్జీ మేనేజర్, ఎనర్జీ ఆడిటర్ పరీక్షకు ఎలా సిద్ధం కావాలి?

ఇంజనీరింగ్ పూర్తిచేసి కర్మాగారంలో పనిచేస్తున్నవాళ్లు ఉద్యోగం వదలకుండానే ఇంధన రంగంలో గట్టి సర్టిఫికెట్ సంపాదించుకోవచ్చు. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ (బీఈఈ) తరఫున దేశమంతటా జరిగే పరీక్ష అందుకు దారి. ఈ సర్టిఫికెట్‌కు చట్టబలం ఉంది. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం ప్రకారం, ఎక్కువ ఇంధనం వాడే పరిశ్రమగా ప్రభుత్వం గుర్తించిన ప్రతిచోటా అర్హత ఉన్న ఎనర్జీ మేనేజర్ ఉండాలి. అందుకే సిమెంటు, ఉక్కు, థర్మల్ విద్యుత్, ఎరువులు, కాగితం, బట్టల మిల్లుల్లో దీనికి విలువ.

ముందు ఏది కావాలో తేల్చుకోండి

పేపర్లు నాలుగు. ఇంధన నిర్వహణ మూలాలు ఒకటో పేపరు, బాయిలర్లు, ఫర్నేసుల వంటి వేడి యంత్రాలు రెండోది, విద్యుత్ యంత్రాలు మూడోది, యంత్రాల పనితీరు లెక్కలు నాలుగోది. మొదటి మూడూ పాసైతే ఎనర్జీ మేనేజర్ (సంస్థలో ఇంధన వాడకాన్ని చూసుకునేవారు), నాలుగూ పాసైతే ఎనర్జీ ఆడిటర్ (ఇంధనం ఎక్కడ వృథా అవుతోందో కొలిచి చెప్పేవారు). చాలా ఏళ్లుగా ఉన్న పద్ధతిలో మొదటి మూడింటికీ తలా 150 మార్కులు, 3 గంటల సమయం. నాలుగోదానికి 100 మార్కులు, 2 గంటలు. ప్రతి పేపరులోనూ సగం మార్కులు రావాలి. దరఖాస్తు చేసేముందు ఆ ఏటి నోటిఫికేషన్‌తో ఇవన్నీ సరిచూసుకోండి.

ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్లకు 3 ఏళ్లు, డిప్లొమావాళ్లకు 6 ఏళ్లు ఇంధన వాడకంతో ముడిపడిన అనుభవం కావాలి. అనుభవ పత్రంలో ఉత్త హోదా రాయించుకుంటే చాలదు. బాయిలర్ హౌస్, సబ్‌స్టేషన్, కంప్రెసర్లు, ఏ యంత్రాల నిర్వహణ చూశారో అందులో కనిపించాలి. ఈ పత్రం చేతికి రావడానికి రోజులు పడుతుంది కాబట్టి చదువు మొదలుపెట్టేముందే అడగండి.

మొదటి వారం యూనిట్లకే

పాఠాలు తర్వాత. తప్పులు ఎక్కువగా జరిగేది యూనిట్ల దగ్గరే. 1 కిలోవాట్ అవర్ అంటే 860 కిలోకేలరీలు. 1 కిలోకేలరీ అంటే 4.187 కిలోజౌళ్లు. చల్లబరిచే యంత్రాల సామర్థ్యాన్ని కొలిచే 1 టన్ను రిఫ్రిజిరేషన్ అంటే గంటకు 3,024 కిలోకేలరీలు. టన్ను చమురుకు సమానమైన ఇంధనం అంటే కోటి కిలోకేలరీలు. ఈ నాలుగూ నోటికి వస్తే 10 లక్షల యూనిట్ల కరెంటు 86 టన్నుల చమురుకు సమానమని క్షణంలో చెప్పగలరు.

లెక్కను మీ యంత్రం మీదే చేయండి

బీఈఈ గైడ్ పుస్తకాలే పరీక్షకు ఆధారం. అయితే చదివిన ప్రతి అధ్యాయానికీ మీ ప్లాంటులో ఒక యంత్రాన్ని పట్టుకోండి. పంపుతో మొదలుపెట్టడం మంచిది.

గంటకు 100 ఘనపు మీటర్ల నీరు తోడే పంపు ఉందనుకుందాం. నీరు బయటికొచ్చే వైపున్న డెలివరీ గేజ్ చదరపు సెంటీమీటరుకు 3.4 కిలోలు చూపిస్తోంది. నీటిని పీల్చే సక్షన్ వైపు 0.2 కిలోల వాక్యూమ్ ఉంది. గేజ్‌లు రెండూ ఒకే ఎత్తున ఉన్నాయి. 1 కిలో ఒత్తిడి అంటే 10 మీటర్ల ఎత్తు నీరు. కాబట్టి హెడ్, అంటే పంపు నీటిని ఎత్తే మొత్తం ఎత్తు, 34 + 2 = 36 మీటర్లు. ఇక్కడే చాలామంది 2 తీసేసి 32 అని వేస్తారు. వాక్యూమ్ అంటే పంపు కిందినుంచి నీటిని లాక్కుంటోందని, ఆ పని కూడా దానిదేనని గుర్తుంటే ఈ తప్పు జరగదు.

నీటికి అందిన శక్తి: 100 ÷ 3600 × 36 × 9.81 = 9.81 కిలోవాట్లు. 3600తో భాగించడం మరిచిపోతే జవాబు వేలల్లో వస్తుంది, అప్పుడైనా అనుమానం రావాలి. మోటారు లైన్ నుంచి 18 కిలోవాట్లు లాగుతోంది, దాని సామర్థ్యం 90 శాతం. అంటే షాఫ్టుకు చేరేది 16.2. పంపు సామర్థ్యం 9.81 ÷ 16.2, దాదాపు 60.6 శాతం. 18తో భాగిస్తే వచ్చే 54.5 శాతం పంపుది కాదు, మోటారు, పంపు రెండూ కలిసిన సెట్టుది. ప్రశ్న దేన్ని అడిగిందో రెండుసార్లు చదవండి.

అదే మోటారు నేమ్‌ప్లేటు మీద 18.5 కిలోవాట్లు అని ఉంటే అది షాఫ్టు దగ్గర ఇచ్చే శక్తి, లైన్ నుంచి తీసుకునేది కాదు. లోడు 16.2 ÷ 18.5, అంటే 87.6 శాతం.

బాయిలర్‌దీ ఇదే తీరు. గాలిలో ఆక్సిజన్ 21 శాతం. పొగలో ఆక్సిజన్ 7 శాతం ఉంటే, మండడానికి అవసరమైనదాని కంటే అదనంగా వెళ్లిన గాలి 7 ÷ (21 − 7), అంటే 50 శాతం. 3 శాతానికి దించితే అది 16.7కి పడిపోతుంది. కొలిచేటప్పుడు డక్టు పగుళ్లలోంచి బయటి గాలి దూరితే ఆక్సిజన్ ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి బాయిలర్ అవుట్‌లెట్ దగ్గరే, ఎయిర్ ప్రీహీటర్‌కు (పొగ వేడితో గాలిని వేడిచేసే యంత్రం) ముందే కొలవాలి.

కంప్రెసర్ గాలి లీకేజీ తేలిక. గాలి వాడే యంత్రాలన్నీ ఆపేసి కంప్రెసర్ ఒక్కటే నడపండి. 2 నిమిషాలు లోడ్‌లో (గాలి నింపుతూ), 8 నిమిషాలు అన్‌లోడ్‌లో (గాలి నింపకుండా) నడిస్తే లీకేజీ కంప్రెసర్ సామర్థ్యంలో 2 ÷ 10, అంటే 20 శాతం.

నాలుగో పేపరు: పుస్తకం చూసి రాసేది

పుస్తకాలు తీసుకెళ్లనిస్తారు కదా అని ధీమా వద్దు. 2 గంటల్లో పేజీలు తిరగేస్తూ కూర్చుంటే పెద్ద లెక్కలు మిగిలిపోతాయి, మార్కుల్లో సింహభాగం వాటివే. ఒక్కో యంత్రానికి ఒక్కో కాగితం మీద సూత్రం, యూనిట్లు, మీరు చేసిన ఒక లెక్క రాసిపెట్టుకోండి. ఆవిరి గుణాల పట్టిక అయిన స్టీమ్ టేబుల్ ఉన్న పేజీకి చీటీ అంటించండి. పాత ప్రశ్నపత్రాలు కనీసం ఐదు, గడియారం పెట్టుకుని, చేత్తో రాసి పూర్తిచేయండి. జవాబు చూసి 'అర్థమైంది' అనుకున్న లెక్క పరీక్షలో చేతికి రాదు. ప్రోగ్రామ్ చేసుకునే కాలిక్యులేటర్ వద్దు, మామూలు సైంటిఫిక్ కాలిక్యులేటర్‌తోనే సాధన చేయండి.

పాసయ్యాక ఒక తేడా తెలిసి ఉండాలి. చట్టప్రకారం తప్పనిసరైన ఆడిట్‌పై సంతకం పెట్టే అధికారం అక్రెడిటెడ్ ఎనర్జీ ఆడిటర్‌కే ఉంటుంది. ఆ హోదా సర్టిఫికెట్‌తోపాటే రాదు, ఆడిట్లు చేసిన అనుభవం చూపించి బీఈఈకి విడిగా దరఖాస్తు చేయాలి. అందుకే మొదటి ఆడిట్ నుంచే తేదీ, స్థలం, కొలిచిన యంత్రాలు, మీ పాత్ర రాసుకుంటూ, సంస్థ నుంచి పత్రం అప్పటికప్పుడే తీసుకోండి.