డచ్ ఓవెన్‌లో దిబ్బరొట్టె: అడుగు మాడకుండా కాలిన తీరు

ఒడిశాలోని కోరాపుట్ జిల్లా దేవమాలి కొండ (1,672 మీటర్లు) మీద క్యాంపింగ్‌కి వెళ్ళినప్పుడల్లా పోత ఇనుముతో చేసిన మందపాటి మూత గిన్నె, అంటే డచ్ ఓవెన్‌లో దిబ్బరొట్టె అడుగు మాడేది, నడుమ పచ్చిగా ఉండేది. మంట తగ్గించినా, నూనె పెంచినా, పిండి పలచన చేసినా లాభం లేకపోయింది.

చివరికి కట్టెలు పూర్తిగా కాలి నిప్పులయ్యేదాకా ఆగాను. గాలికి అడ్డంగా రాళ్ళు పేర్చాను, ఆ కొండ మీద అది తప్పదు. ఓవెన్ కింద నిప్పులు అంచు వెంబడి మాత్రమే పెట్టి, నడుమ ఖాళీ వదిలాను. మూత మీద వాటికి రెట్టింపు. పావుగంటకోసారి ఓవెన్‌ని పావు చుట్టు ఒకవైపు, మూతను ఎదురువైపు తిప్పాను. ఒకచోట నిప్పులు ఎక్కువైనా వేడి సర్దుకుంటుంది. అసలు కీలకం ఇదేనని నా నమ్మకం. మధ్యలో మూత తీయకండి, వేడంతా పోతుంది.

నావి గట్టి కట్టె నిప్పులు. తేలిక కట్టెలైతే త్వరగా బూడిదవుతాయి, కొత్తవి వేస్తుండాలి. నిప్పులు జారిపోకుండా ఆపే అంచు లేని మూతకైతే ఈ పద్ధతి కుదరకపోవచ్చు.