పరుగు వీరుడికి కరెంటు గండం

నా కథలో హీరో మెరుపులా పరిగెత్తుతాడు. గాలివానకు తెగి పొలంలో పడ్డ 11 కేవీ (11 వేల వోల్టుల) కరెంటు తీగను పట్టుకుని విసిరేస్తాడు, ఏమీ కాదు. చదివిన ప్రతిసారీ ఆ సీను అబద్ధంలా అనిపించేది. ఇంకో పవర్ ఇచ్చి చూశాను, ఇంకా చెడిపోయింది.

చివరికి తీగను వదిలి నేల గురించి ఆలోచించాను. తెగిన తీగ నేలను తాకిన చోట వోల్టేజీ ఎక్కువగా ఉండి, దూరం పోయేకొద్దీ తగ్గుతుంది. రెండు పాదాలూ వేర్వేరు దూరాల్లో ఉంటే ఆ తేడా వల్ల కరెంటు ఒక కాలిలోంచి ఎక్కి రెండో కాలిలోంచి దిగుతుంది. ఆవులు, గేదెలు ఇలాగే చనిపోతాయి: ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ దూరం ఎక్కువ, మధ్యలో గుండె ఉంటుంది. పాపం, అవి తీగను ముట్టుకోనక్కర్లేదు.

అంటే అడుగు ఎంత పెద్దదైతే ప్రమాదం అంత ఎక్కువ. నా హీరో బలమే పెద్ద అంగలు! అక్కడే కథ నిలబడింది. ఇప్పుడు అతను పరిగెత్తకూడదు. రెండు పాదాలూ ఒకదానికొకటి ఆనించి, నేల మీంచి ఎత్తకుండా, అంగుళం అంగుళం జరుపుకుంటూ బయటికి రావాలి. తీగ నుంచి నిప్పురవ్వలు రాకపోయినా కరెంటు ఉండొచ్చు, ఆ టెన్షన్ కూడా సీనులో పెట్టాను.